ట్రయల్ నాటి ఏడుపు

పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడంలో ఆవిడది ఇరవై రెండేళ్ల అనుభవం. టైలరు కొట్టు మీద ఒక గది, కిటికీ పక్కన ఒక కుర్చీ, ఎదురుగా నిలువుటద్దం. వీధిలో అందరూ ఆవిడను రంగులక్క అంటారు. వెటకారానికే పెట్టారా పేరు. పెట్టినవాళ్ల ఆడపిల్లలే తర్వాత ఒక్కొక్కరూ వచ్చి నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు.

పెళ్లికి ముందు ఒకసారి ముస్తాబు చేసి చూసే ట్రయల్ విషయంలో మాత్రం రంగులక్క మహా మొండి. పగటి వెలుగులోనే చేస్తుంది. పెళ్లిబట్టల రంగుదే ఏదో ఒకటి వేసుకు రమ్మంటుంది. మొహమాటానికి బాగుందంటే ఊరుకోదు. "ఇప్పుడు బాగుందని, పెళ్లిరోజు నన్ను తిట్టుకుంటావా?" అని కసురుతుంది. అంతా అయ్యాక ఆఖరి పరీక్ష ఒకటుంది. "ఇక ఏడువు" అంటుంది. పెళ్లయి బయల్దేరేటప్పుడు ఎలాగూ ఏడుస్తారు, కారే కాటుకేదో ఈరోజే కారాలని ఆవిడ సిద్ధాంతం.

తన అక్క కూతురి పెళ్లి కుదిరిందనగానే ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. అక్కది ఊళ్లు తిరిగే ఉద్యోగం కావడంతో, పాలు మరిచిన నాటి నుంచి బడికెళ్లేదాకా పిల్ల ఈ గదిలోనే పెరిగింది. పౌడరు డబ్బాలే దాని ఆటబొమ్మలు. "నా పెళ్లికి నువ్వే చెయ్యాలి పిన్నీ" అని అప్పుడే మాట తీసుకుంది. సొంత పిల్లలు లేని ఆ మనిషి ఎన్ని ముఖాలు దిద్దినా, ఎదురుచూసింది ఆ ఒక్క ముఖం కోసమే.

ట్రయల్‌కు పిల్ల ఒక్కతే వచ్చింది. ఫోను తీసి అద్దానికి ఆనించి పెట్టింది.

"ప్రతిదీ చెప్తూ చెయ్యి పిన్నీ, వీడియో తీసుకుంటా."

"నేనుండగా నీకు వీడియో ఎందుకే?"

"ఊరికే. నీ గొంతు దాచుకుంటా."

ఆ మాటకు పిన్ని కరిగి నీరైపోయింది. ఏ శిష్యురాలికీ విప్పని గుట్టంతా విప్పింది. ఎడమ కనుబొమ్మ వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుందని చెప్పింది. ఫలానా క్రీము తగిలితే కంటి కింద దురద పెడుతుందంది. చిన్నప్పుడు ఈ కుర్చీ మీంచే పడి గడ్డం కింద మచ్చ తెచ్చుకుంది పిల్ల. దాని మీద ముందు నారింజ రంగు, తర్వాతే చర్మం రంగు వెయ్యాలని రెండుసార్లు చెప్పింది.

"ఇక ఏడువు" అంది చివరికి.

పిల్ల నవ్వింది. "రమ్మంటే వస్తుందా ఏంటి?"

"నువ్వెళ్లిపోయాక ఈ కుర్చీలోకి ఎవరెవరో వస్తారు. నువ్వు మాత్రం రావు కదే."

అంతే, పిల్ల బావురుమంది. పిన్ని ముందు దాని కంటికొస చూసింది. కాటుక చుక్క కూడా కారలేదు. అప్పుడు దగ్గరకు తీసుకుంది.

పెళ్లి వారం ఉందనగా అక్క ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకే. మగపెళ్లివాళ్ల ముందు బాగుండాలని పెద్ద మేకప్ ఆర్టిస్టును మాట్లాడాం. ఇంటి మనిషితో కానిచ్చామంటే ఏమనుకుంటారు చెప్పు? నువ్వు హాయిగా చుట్టంలా రా."

"పిల్లేమంది?"

"దానికీ అదే ఇష్టం. ఆ, వీడియోలో రంగుల నంబర్లు సరిగ్గా కనపడటం లేదట. కాస్త రాసి పంపవే."

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆకులు, బెరడు అన్నీ పనికొచ్చాయి, చెట్టే పనికిరాలేదు. రంగులక్కకు ఒళ్లు మండిపోయింది. అయినా నంబర్లు రాసి పంపింది. తెలిసి తెలిసి ఆ ముఖం పాడుచేయడం ఆవిడ వల్ల కాలేదు.

పెళ్లిరోజు మనసు ఊరుకోక ముస్తాబు గదిదాకా వెళ్లింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి తన గొంతే వినపడింది: "ఎడమ కనుబొమ్మ చూశావా, ఇక్కడ తేలిగ్గా పోనివ్వాలి..." ఫోను అద్దానికి ఆనించి ఉంది. ఆర్టిస్టు వింటూ, ఆపుతూ, మళ్లీ వెనక్కి జరుపుకుంటూ పని చేసుకుపోతోంది. పిల్ల కళ్లు మూసుకుని కూర్చుంది.

"పని క్షుణ్ణంగా తెలిసిన మనిషండీ. ఎవరీవిడ?" అనడిగింది ఆర్టిస్టు.

పిల్ల కళ్లు తెరవలేదు. "మా వీధిలో ఉంటారు. తెలిసినావిడ."

రంగులక్క వచ్చిన దారినే వెళ్లి ఆఖరి వరుసలో కూర్చుంది. పరాయిదాన్నని అనిపించుకోవడానికా అంత పెంచిందని తనను తానే తిట్టుకుంది.

సాయంత్రం బయల్దేరేముందు పిల్ల అందరినీ పట్టుకుని ఏడ్చింది. చివరికి పిన్నినీ వాటేసుకుని, "నన్ను మరిచిపోకు పిన్నీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కాటుక కారి, నలుగురిలో ఆ ముఖం నల్లబడితే బాగుండునని రంగులక్క మనసారా కోరుకుంది. ఇరవై రెండేళ్లలో ఏ పెళ్లికూతురికీ ఆవిడ అంత చెడు కోరలేదు. అలవాటు కొద్దీ కంటికొస చూసింది.

చుక్క కారలేదు. దగ్గరకు తీసుకోవడానికి మాత్రం ఈసారి ఆవిడ చేతులు లేవలేదు.