మల్లవ్వ నాతో చెప్పించిన ముగింపు

వేసవి మొదట్లో కూలర్‌కు కొత్త గడ్డి అమర్చి నీళ్ళు పోయగానే లేచే తడి వాసనకు నాకు మల్లవ్వ గుర్తొస్తుంది. మా దుర్గాపూర్ కాలనీలో కూలర్‌ను తిట్టిన మనిషి ఆమె ఒక్కతే. చంద్రపూర్ ఎండకు మేమంతా దాని ముందే కూర్చుంటే, ఆమె మాత్రం బండలు తడిపి, దిండు లేకుండా నేలమీద వాలి హాయిగా నిద్రపోయేది. "మెత్తటి దిండు మీద తలకాయ పెడితె ఫికర్లన్నీ అండ్లనే దిగబడ్తయి బిడ్డా. నేల మీద పండు, జారిపోతయి" అనేది.

తెలుగు ఊరు వదిలి ఈ మరాఠీ నేల మీది బొగ్గు గనిలో పనికి వచ్చిన భర్త చిన్న వయసులోనే పోతే, ఆస్పత్రిలో ఆయాగా చేసి ఇద్దరు కూతుళ్ళను పెంచింది. నలభై దాటాక ఒక కాంపౌండరు రాసిచ్చిన అక్షరాలు దిద్దుకుని, పాత కాగితాలు కొనే రద్దీ దుకాణం నుంచి పాత తెలుగు నవలలు తెచ్చుకుని చదవడం నేర్చుకుంది. పెళ్ళయి ఆమె పక్కింటికి వచ్చిన నేను మరాఠీ బడిలో చదివి, మరాఠీ బడిలోనే టీచర్నయ్యాను. ఇంట్లో మాట్లాడే తెలుగులో నాకు అప్పట్లో ఒక్క అక్షరమూ చదవడం వచ్చేది కాదు.

ఆమెకు ప్రాణమైన నవలకు అట్టా లేదు, చివరి పేజీలూ లేవు. పడవ నడిపే గౌరమ్మ కథ అది.

"గౌరమ్మ నది దాటిందా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"గదే తెలువది. నా మనసుల ఒకనాడు దాటిస్త, ఇంకోనాడు వాపస్ తెస్త. ముందర ఏమైతదో అన్న యావ ఉన్నోళ్ళే ఎక్కువ దినాలు బతుకుతరు."

తరవాత ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది. షుగర్ తగ్గేదాకా ఆపరేషన్ చెయ్యలేం అన్నారు డాక్టర్లు. నెలలు గడిచాయి. అన్నం తగ్గింది. నేల మీద ఆదమరిచి నిద్రపోయే మనిషికి నిద్రే పట్టలేదు. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి, తెరిచిన పుస్తకాన్ని వేళ్ళతో తడుముతూ కూర్చుని ఉంది.

"నేను చదవనా?" అన్నాను.

"నీకు రాదు గదనే."

"నువ్వు నేర్పు."

పేజీలోని అక్షరాన్ని ఆమె అరచేతిలో వేలితో గీసేదాన్ని. ఆమె పేరు చెప్పేది. "తలకట్టు విడిగ ఉన్నదా, అంటుకున్నదా? విడిగ ఉంటె ‘ప’. అంటుకుంటె ‘వ’." మొదట్లో రోజుకు నాలుగు వాక్యాలు కూడా సాగేవి కావు. వానలు మొదలయ్యేసరికి ఆగకుండా చదువుతున్నాను. చివరికి ‘గౌరమ్మ తెడ్డు అందుకుని’ అన్న దగ్గర పేజీ అయిపోయింది.

"అయిపోయింది అవ్వా."

"కాలె. ఇగ నువ్వు చెప్పు."

నాకు భయమేసింది. సగం మరాఠీ కలిసిన తెలుగులో, తడబడుతూ గౌరమ్మను నది దాటించాను. ఒడ్డున ఆమె ఆగలేదు. ఇవతలి ఒడ్డున మిగిలిపోయిన వాళ్ళ కోసం పడవ మళ్ళీ వెనక్కి తిప్పింది. "గిన్నేండ్లల్ల నాకు గిది తోచలె" అని, మల్లవ్వ అక్కడే ఒరిగి నిద్రపోయింది.

ఆపరేషన్ అయి చూపు వచ్చాక ఆ ముగింపును నాతో కాగితం మీద రాయించింది. తానే చదివి, రెండు తప్పులు దిద్ది, మైదా పిండితో నవల చివర అతికించింది. కాలనీలో అందరికీ చూపించి, "గిది మా బిడ్డ రాసింది" అని చెప్పింది. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. పోయేనాటికి తొంభై అని ఆమె లెక్క, ఎనభై అని కూతుళ్ళ లెక్క.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి ఐదారుగురు ఆడవాళ్ళు తెలుగు నేర్చుకోవడానికి వస్తారు. మొన్న వాళ్ళలో ఒకామె, వాళ్ళ అక్క తన ఫోనుకు పంపిన సందేశాన్ని మొదటిసారి తానే చదువుకుని ఏడ్చేసింది. మరాఠీ బడిలో చదివిన మీకు ఇంత తెలుగు ఎక్కడ వచ్చిందని అందరూ అడుగుతారు. తలెత్తి చెబుతాను, మల్లవ్వ దగ్గర అని.