వదిన తడి జడ

మొన్న శనివారం మా మేనకోడలు నన్నూ అన్నయ్యనూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, తిరిగి వస్తూ దారిలో కార్‌వాష్‌లోకి తిప్పింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు చుట్టూ తెల్లగా పేరుకుపోయి ఉంది. "అత్తా, నీ విండో క్లోజ్ చేసుకో. నాన్నా, యూ టూ" అని ఫోనులో ఏదో నొక్కింది, గేటు లేచింది, కారు దానంతటదే ముందుకు జరిగింది, అద్దాల మీద గులాబీరంగు నురగ పడింది. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని హాయిగా పాటలు వింటోంది. చలికాలంలో కారు కడగడం అంటే నాకు మాత్రం గుర్తొచ్చేది ఆ పిల్ల తల్లి, అంటే మా వదిన.

ఆ రోజుల్లో ఈ ఎడిసన్ ఊరికి వచ్చిన తెలుగువాళ్లంతా కంప్యూటర్ల ముందు వెచ్చగా కూర్చున్నవాళ్లేనని ఈ కాలం పిల్లలు అనుకుంటారు గానీ, అన్నయ్య స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద దిగి, అంతంతమాత్రం ఇంగ్లీషుతో ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లిన నాలాంటివాళ్ల సంగతి మన ఈడువాళ్లకే తెలుసు. నేను వచ్చేసరికి అన్నయ్య రెండు కిడ్నీలూ పాడైపోయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాస్తా పోయి, రోజు విడిచి రోజు డయాలసిస్‌కి వెళ్లి తోటకూర కాడలా వాడిపోయి వచ్చేవాడు. కొత్త కిడ్నీ కోసం పేరు రాయించారు. ఆసుపత్రి నుంచి ఫోన్ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అంతవరకూ గడప దాటి ఉద్యోగం చేసి ఎరగని వదిన, హైవే పక్కన పాతకార్లు అమ్మేచోట కార్లు కడిగే పనిలో చేరింది, నన్నూ చేర్పించింది.

ఆ పని గురించి ఏం చెప్పను! షెడ్డంటూ ఒకటుంది గానీ అది మెకానిక్కులది, మేము కడగాల్సింది బయటే. ఎండాకాలం సరదాగానే ఉండేది. డిసెంబరు వచ్చిందంటే మాత్రం గొట్టంలో నీళ్లు గడ్డకట్టేవి, లోపల కాచిన నీళ్లు బకెట్లతో మోసుకొచ్చి, చల్లారేలోగా ఒక్కో కారునూ ఉప్పంతా పోయేలా తోమి, లోపల సీట్లూ మ్యాట్లూ శుభ్రం చేసి, అద్దాలు తళతళలాడేటట్టు చేసి నిలబెట్టాలి. రబ్బరు గ్లవుజుల కింద ఉన్ని గ్లవుజులు వేసుకున్నా, వేళ్లు నావేనా అని అనుమానం వచ్చేది. ముక్కు కారుతున్న సంగతి కూడా తెలిసేది కాదు. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ దేశాన్నీ, చలినీ, ఉప్పు చల్లేవాళ్లనీ తిట్టుకుంటూనే ఉండేదాన్ని. వదిన మాత్రం "తిట్టుకోవే అమ్మడూ, నోరైనా వెచ్చగా ఉంటుంది" అని నవ్వేది.

అన్నిటికంటే కష్టం తుడవడం. చలిలో కడిగిన కారుకి తలుపు సందుల్లో, రబ్బర్ల వెనక, తాళం పెట్టేచోట తడి నిలిచిందంటే అది గడ్డకట్టి తలుపు అతుక్కుపోతుంది. మేము చేరిన కొత్తలో ఓనరు ఎవరికో కారు చూపించబోతే తలుపు ఊడి రాలేదు, ఆ కోపమంతా మా మీద చూపించాడు. ఆ మర్నాడు వదిన తన పాత నేతచీరలు రెండు చింపి ముక్కలు చేసి సంచిలో వేసుకొచ్చింది. కొన్న గుడ్డలకంటే అవే నీళ్లు బాగా పీల్చేవి. నాలుగు తలుపులూ తెరిచి, వేలికి గుడ్డ చుట్టి, రబ్బరు మడతల్లో పసిపిల్ల చెవులు తుడిచినంత ఓపికగా తుడిచేది. "ఒక్క చుక్క వదిలామా, రేపు డోర్ రాదు" అని నేను తుడిచిన కారు కూడా మళ్లీ తుడిచేది. అటుపైన మా కార్ల తలుపు ఒక్కటీ అతుక్కోలేదు.

అలాంటి మనిషి ఆ ఏడు ధనుర్మాసం వచ్చేసరికి తల మీద తడితో పనిలోకి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు గమనించలేదు. రెండోరోజు తను వంగి చక్రం తోముతుంటే టోపీ కింద నుంచి జారిన జడ కొస కర్రముక్కలా బిగుసుకుని జాకెట్‌కి టకటకా తగిలింది. పట్టుకు చూస్తే నిజంగానే గడ్డకట్టింది! "ఏం పిచ్చి వదినా ఇది, ఈ చలిలో తలస్నానమా?" అని కేకలేస్తే, కాసేపు మాట తప్పించి, ఆఖరికి చెప్పింది. అన్నయ్యకి కిడ్నీ దొరకాలని ధనుర్మాసమంతా తెల్లారకముందే తలారా స్నానం చేసి, దేవుడికి పొంగలి నైవేద్యం పెట్టాకే పనిలోకి వస్తానని మొక్కుకుందట. మోకాళ్ల దాకా ఉండే జుట్టు. పూజ అయ్యేసరికి మమ్మల్ని పనికి తీసుకెళ్లే వ్యాను వచ్చేసేది. హెయిర్ డ్రయ్యర్ పెట్టుకోమంటే, పూజ కాకుండా జుట్టు ఆరబెట్టుకోకూడదంది, పూజ అయ్యాక టైమ్ ఎక్కడిదంది.

నేను మాత్రం ఏం చేయగలను? మధ్యాహ్నం భోజనాల వేళ అమ్మకానికున్న ఏదో ఒక కారులో హీటరు వేసి, తనని ముందుసీట్లో కూర్చోబెట్టి, జడ విప్పి, గాలి వచ్చేచోట పాయలు పాయలుగా పట్టుకునేదాన్ని. తను డబ్బాలోంచి రాయిలా బిగిసిన కట్టెపొంగలి చెంచాతో పెకలించి నా నోట్లో పెట్టేది. అప్పటికీ పైపైన ఆరేదేగానీ లోపలి పాయలు తడిగానే ఉండేవి. అంతలో ఓనరు కేకేసేవాడు, మళ్లీ జడ వేసుకుని దిగిపోయేది. "మొక్కు సంగతి మీ అన్నయ్యకి చెప్పకు. ఊరికే తన వల్లేనని బాధపడతారు" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

నెల సగంలోనే దగ్గు పట్టుకుంది. అల్లం, మిరియాలు, తేనె అంటూ ఇంటివైద్యంతో నెట్టుకొచ్చింది. మానెయ్యి, దేవుడేమీ అనుకోడు అని ఎంత పోరినా వినలేదు. "ఆయన కోసం మొక్కుకుని, దగ్గొచ్చిందని మధ్యలో వదిలేస్తానా?" అంది. మాసం పూర్తయ్యేదాకా ఆపలేదు, పనీ మానలేదు. ఆ తర్వాత ఒకరోజు సగం తుడిచిన కారుకే ఆనుకుని నేల మీద కూలబడింది. ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు, ముదిరిపోయిందన్నారు. తను ఆ మంచంలో ఉండగానే అన్నయ్యకి ఫోన్ వచ్చింది. అవును, వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందని నేనే వెళ్లి వదిన చెవిలో చెప్పాను. కళ్లు తెరిచి నవ్వింది, నా వేళ్లు నొక్కింది. అన్నయ్య లేచి కూర్చునే రోజుకి తను లేదు.

తడి జుట్టు వల్ల న్యుమోనియా రాదు, అది క్రిమి వల్ల వస్తుందని డాక్టరు విడమరచి చెప్పాడు. మేనకోడలు కూడా పెద్దయ్యాక అదే చెప్పింది. నిజమే అయి ఉంటుంది. నా మనసు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. అన్ని కార్ల రబ్బర్లలోనూ చుక్క తడి ఉంచని మనిషి, తన జుట్టులో అంత తడి ఉంచుకుని తిరిగిందే అని ఏళ్ల తరబడి ఏడ్చాను. ఒట్టు మాత్రం తప్పలేదు. అన్నయ్య దగ్గర మొక్కు మాట ఏనాడూ ఎత్తలేదు, అతనూ అడగలేదు.

మొన్న కార్‌వాష్ చివర్లో నీళ్లు ఆగి, పైనుంచి పెద్ద పెద్ద ఫ్యాన్లు హోరుమని వీచాయి. అద్దం మీది చుక్కలన్నీ పరుగులు తీసి, రెప్పపాటులో కారంతా ఆరిపోయింది. వెనకసీట్లో అన్నయ్య చెయ్యెత్తి అద్దం మీద ఆనించాడు. ఆ హోరులో నాకొక్కదానికే వినిపించేలా, "ఈ గాలి అప్పుడుంటే దాని జుట్టు నిమిషంలో ఆరిపోయేది కదే" అన్నాడు. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. "నువ్వు చెప్పలేదులే. తెల్లారకుండా బాత్రూంలో నీళ్ల చప్పుడు రోజూ వినపడేది. ఎందుకో తెలిసీ, నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి. ఆపితే బాధపడుతుందని" అన్నాడు.

మేనకోడలు పాట తగ్గించి, "వాట్ హ్యాపెన్డ్ నాన్నా?" అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాడు. కారు మెరుస్తూ రోడ్డెక్కింది. ఇప్పుడు ఎవరి చేతులూ కొంకర్లు పోనక్కర్లేదు, ఎవరి పాతచీరలూ చింపక్కర్లేదు, అంతా మంచికే. కానీ ఇంటికి రాగానే అలవాటుకొద్దీ నా వైపు తలుపు తెరిచి, పైటచెంగు వేలికి చుట్టుకుని, రబ్బరు మడతలో వెతికాను. తుడవడానికి అక్కడ ఒక్క చుక్క కూడా లేదు.