ఎస్తేరక్క సర్వరు గది

పాత కంప్యూటర్ ఫ్యాను వేడెక్కి, అందులో పేరుకున్న దుమ్ము కాలే వాసన వచ్చిందంటే నాకు గోదావరిఖని గుర్తొస్తుంది. మా ఆఫీసు కుర్రాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎస్తేరక్క కళ్ల ముందు నిలబడుతుంది. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు అక్కడి ఒక ట్రస్టు దవాఖానలో కంప్యూటర్ల బాధ్యతంతా ఆమెదే. ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం. నేను ఆమె కింద కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌ని. నోటి దురుసు, చేతి తొందర రెండూ ఉన్నవాణ్ణి.

రక్తం ఇచ్చేవాళ్లను వెతికిపెట్టే వెబ్‌సైటు ఒకటి పైథాన్‌లో రాశాను. నా కంప్యూటర్లో హాయిగా నడిచింది, అక్క సర్వరులో మొండికేసింది. దాన్ని నడిపేది భద్రతకు పేరుపడ్డ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం. అన్ని తలుపులూ మూసే ఉంటాయి, కావలసినది మనమే తెరుచుకోవాలి. పైగా ప్రోగ్రాంకు లోపల విడిగా ఒక గది కట్టి, దానికి అవసరమైన ఫైళ్లు మాత్రమే అందులో పెట్టాలని అక్క పట్టు. ఒకటి పెడితే ఇంకొకటి లేదని ఏడ్చేది నా ప్రోగ్రాం. మర్నాడే ప్రారంభోత్సవం.

"అన్ని తలుపులు తెరిచే రూట్ అధికారం ఇచ్చెయ్యక్కా, జల్ది నడుస్తది. మన ప్రోగ్రామే గద, దొంగదా?" అన్నాను.

"మా బాపు బొగ్గుబాయిల దిగేటప్పుడు రోజూ జేబులు తడిమి చూసేటోళ్లు, అగ్గిపెట్టె ఉన్నదేమోనని. మేనేజరు దిగినా గంతే. ఎవ్వలూ అవమానమనుకోలె," అంది అక్క. "దీంట్ల రక్తమిచ్చే ఆడపిల్లల ఫోను నంబర్లున్నయ్ తమ్మీ. నీ ప్రోగ్రాంల ఏడనన్న చిల్లుంటే, దూరినోడు ఆ గదిలనే ఆగాలె. రూట్ ఇస్తే ఇల్లంత వానిదే."

అంతలో ట్రస్టు సెక్రటరీ వచ్చారు. "రేపు సైటు తెరుచుకోకపోతే నీ కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంట," అన్నారు ఆమెతో. గనిలో రిటైరైన అక్క వాళ్ల బాపు దమ్ము జబ్బుతో మంచం పట్టి ఉన్నాడు. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. రూట్ ఇచ్చెయ్యమని అక్కను బతిమాలాను. ఆమె సెక్రటరీ వైపే తిరిగింది.

"ఇంకో రోజు పడుతది సార్. ఆపింది నేనే, పిలగాన్ని ఏమనకుండ్రి."

మర్నాడు రిబ్బను కత్తిరించారు, తెర మీద ఏమీ రాలేదు. అతిథుల ముందే ఆమెను నానా మాటలన్నారు. ఆ మరుసటి రోజు సైటు నడిచింది. ఎంతోమందికి రక్తం దొరికింది, ఒక్క నంబరూ బయటికి పోలేదు. ఏమీ జరగకుండా చూసినవాళ్లకు దండలెవరు వేస్తారు! ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆఖరి రోజున తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి రూట్ పాస్‌వర్డ్ మార్చమంది. నేను టైపు చేస్తుంటే గోడవైపు తిరిగి నిలబడింది.

"నువ్వు చూస్తే ఏమైతదక్కా?" అన్నాను.

"ఇగ నాకీడ పనేమున్నది? సర్వర్ల నా పేరు సుత తీసెయ్. నా ముంగటనే తియ్."

తీసేశాను. ఆమె వంగి తన పేరుతో లోపలికి వెళ్లబోయింది. అనుమతి లేదంది సర్వరు. "మంచిగ నేర్చుకున్నవ్ తమ్మీ," అని నా భుజం తట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నో ఉద్యోగాలు మారాను. మానేసే ప్రతిచోటా మొదట నా పేరే తీయిస్తాను. ఆ తెర నన్ను కాదన్న తర్వాతే లేచి వస్తాను.