గ్రానైటు షెడ్డులో సున్నం గీతలు

మొన్న మా కోడలు కొత్త వంటగది చూపిస్తూ ఫ్రిజ్ ఈ మూల, పొయ్యి ఆ మూల, నడుమ భోజనాల బల్ల అని మురిసిపోతుంటే, కూర ఉడికేలోపు నీ కాళ్లు అరుగుతయమ్మా అని నోరు జారాను. ఆ పిల్ల మూతి ముడుచుకుంది. ఏం చేయను, వంకర దారుల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తొంభైల మొదట్లో ముదిగొండ దారిలోని ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో ఏ మిషన్ ఎక్కడుండాలో ప్లాను గీసిన ఘనుడిని నేనే మరి.

డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మా ఓనరుకు వాళ్ల అత్తగారి మాటంటే వేదం. నైరుతిలో బరువుండాలని ఆవిడ అనేసరికి, నేను మారు మాట్లాడకుండా క్వారీ నుంచి వచ్చే రాతి దిమ్మలన్నిటికీ ఆ మూలే చూపించాను. కోసే మిషన్ మాత్రం తూర్పు గేటు పక్కన. గేటు దగ్గర దిగిన దిమ్మ ట్రాలీ ఎక్కి షెడ్డంతా దాటి నైరుతికి పోవాలి, మళ్లీ కోతకు వెనక్కి రావాలి, పాలిషైన పలకల ట్రాలీ ఆ దారిలోనే ఎదురు రావాలి. ఇరుకులో రెండూ తగిలి పలకలు పగిలేవి. ఓనరు కారణం అడిగితే, ట్రాలీలు తోసే నలుగురి అజాగ్రత్త అని రాసిచ్చాను. జూలూరుపాడు అవతలి అడవి పల్లెల నుంచి పెళ్లాం పిల్లలతో వచ్చి షెడ్డు వెనకే ఉంటున్న వాళ్లు. వాళ్లను సోమవారం నుంచి రావద్దన్నాడాయన.

ఖమ్మం ఖిల్లా దగ్గర ఉండే మా మేస్త్రీ చాచా అది విని నన్ను తిట్టలేదు. ఆదివారం సెలవు, కోత నీళ్లు లేక నేల ఆరింది, రా బేటా అని పిలిచి, ఖాళీ ట్రాలీకి చిల్లుల సంచిలో సున్నం కట్టి, దిమ్మ తిరిగే దారంతా నాతోనే తోయించాడు. ఇంకో ట్రాలీకి ఇటుక పొడి కట్టి పలకల దారి తాను తోశాడు. చెమట తుడుచుకుని వెనక్కి చూద్దును కదా, తెల్లగీతా ఎర్రగీతా పెనవేసుకుని నేలంతా చిక్కుపడ్డ నూలు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పలకలు పగలగొట్టింది ఆ నలుగురి చేతులు కాదు, నా పెన్సిలు.

సాయంత్రం ఓనరును పిలిచి చూపించి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన గీతల నడుమ అటూ ఇటూ తిరిగి, మరి మా అత్తగారికి ఏం చెప్పాలయ్యా అన్నాడు. తయారైన పలకలు నైరుతిల పెడ్తం సేట్, రాయి కోస్తే బరువు యాడికి పోతది అన్నాడు చాచా తడుముకోకుండా. పెద్దావిడ కాదనలేకపోయింది. దిమ్మ దిగగానే కోత, ఆ పక్కనే పాలిషు, చివరికి నైరుతి, పడమటి గేటు నుంచి లారీ. రాయి వెనక్కి నడవడం మానేసింది. నలుగురూ సోమవారం ఎప్పటిలాగే పనిలోకి వచ్చారు.

ఇప్పుడీ ప్లానులన్నీ కంప్యూటర్లో గీస్తారట, ఎవరూ నేల మీద నడిచి చూడనక్కర్లేదట. చాచా పోయాడు, ఆ షెడ్డు ఫంక్షన్ హాలయింది. ఆ నలుగురిలో ఇద్దరు మాత్రం ఖమ్మం బజారులో ఎదురైతే ఛాయ్ తాగించందే వదలరు, ఆనాడు మీరు అడ్డం పడకుంటే మా పని పోతుండె సార్ అంటారు. వాళ్ల మీద రాసిచ్చింది నేనేనని చాచా ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా వాళ్ల ఛాయ్ తాగుతున్నాను, నేనూ చెప్పలేదు.