పసుపు గదిలో వంకాయ కూర

వెలగని తెర ఒకటి కొనుక్కుని, దాన్ని చూసుకుని ఊరంతా గర్వంగా తిరిగిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. ఇప్పుడంటే చంటిపిల్లల చేతుల్లో కూడా తెరలు ధగధగలాడుతున్నాయి కానీ, నేను ఐర్లండ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలంలో పుస్తకాలు చదువుకునే ఇ-రీడర్ అంటే అదొక వింత. అది మాంద్యం కాలం కూడా. నేనున్న అత్లోన్ ఊళ్ళో మనవాళ్ళు ఎదురుపడితే "బాగున్నారా" అనడం మానేసి "ఇంకా ఉందా?" అని అడిగేవారు. ఏమిటని ఎవరూ తిరిగి అడగక్కర్లేదు, ఉద్యోగమే. "ఈ నెలకి ఉందండీ" అని చెప్పి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం. నాదైతే మరీ సన్నపు దారం. మందుల ఫ్యాక్టరీ లేబొరేటరీలో తాత్కాలిక ఉద్యోగం, ఎప్పటికప్పుడు పొడిగింపు, ఆ పొడిగింపును బట్టే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్. అలాంటివాడు నోరు కట్టుకుని పొదుపు చేసుకోవాలా వద్దా? నేను మాత్రం చేతిలో కాస్త జీతం ఆడగానే ఇ-రీడర్ తెప్పించుకున్నాను.

దానికి కారణం ఉంది. రోజూ నాలుగు పేజీల తెలుగు చదవకపోతే నాకు అన్నం తిన్నట్టుండదు. ఇంటి దగ్గర మావాళ్ళు సూట్‌కేసు సర్దేటప్పుడు బరువు ఎక్కువైందని పుస్తకాలన్నీ తీసి బయట పెట్టి, వాటి స్థానంలో పచ్చళ్ళూ పొడులూ కూరారు. (నేను అడ్డు చెప్పలేదు. గోంగూర ఎదురుగా ఉంటే నా సాహిత్యాభిమానం కాస్త తలొంచుకునే ఉంటుంది.) అత్లోన్‌లో తెలుగు పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? అందుకని పలకలా ఉండే ఆ ఇ-రీడర్‌లో వందల పుస్తకాలు పడతాయని చదివి, మరీ ముఖ్యంగా అది తెర కనక లైటు తీసేసి దుప్పటి కప్పుకుని హాయిగా చదువుకోవచ్చని నాకు నేనే ఊహించుకుని, ఆర్డరు పెట్టేశాను.

నేను ఒక గది అద్దెకి తీసుకున్నది వరంగల్ అన్న వాళ్ళింట్లో. ఆయన మా ఫ్యాక్టరీలోనే మెషీన్లు చూసే ఇంజనీరు, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆయన భార్యని వదినా అని పిలిచేవాణ్ణి. పార్సిల్ వచ్చిన రోజు వదిన దాని మూలకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. నేను ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి, కర్టెన్లు లాగి, "చూడండి" అని గంభీరంగా చెప్పి లైటు ఆర్పేశాను. గది చీకటైపోయింది. చీకటిగానే ఉంది. ఎంతసేపటికీ చీకటిగానే ఉంది. చివరికి ఆ చీకట్లోంచి అన్న గొంతు వినిపించింది.

"ఆన్ చేసినవారా తమ్మీ?"

"చేశానన్నా."

"మరి ఏడున్నది?"

"నా చేతిలోనే ఉందన్నా."

"నీ చెయ్యి ఏడున్నదిరా?"

వదిన నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళి లైటు వేశారు. ఆ తెర లోపల దీపమంటూ ఏదీ లేదని, అది అచ్చం కాగితంలాగే బయటి వెలుతురు పడితేనే కనిపిస్తుందని, ఆ వివరం పెట్టె మీదే రాసి ఉందని అప్పుడు తెలిసింది. "కాగితం లెక్కనే ఉంటదంటే కాగితమే కొనుక్కోకపోయినవా" అన్నారు అన్న. నేను వెంటనే గడ్డం పైకెత్తి, అది లోపం కాదనీ, కళ్ళకి మంచిదనీ, ఇంజనీర్లు ఎంతో ఆలోచించి అలా చేశారనీ వాదించాను. ఆ వాదన ఏడాదిపాటు సాగింది. ఇంట్లో ఉన్నవన్నీ మసక బల్బులే. కప్‌బోర్డుని ఇక్కడ ప్రెస్ అంటారు. వంటింటి ప్రెస్ కింద మాత్రం గట్టి ట్యూబులైటు ఒకటి ఉండేది. నేను ఆ ప్రెస్ కిందే నిలబడి, వదిన పోపు పెడుతుంటే అటూ ఇటూ జరుగుతూ, ఆవాలు చిటపటలాడుతున్నా తల ఎత్తకుండా చదివేవాణ్ణి. (ఆ పలకకి కొన్నాళ్ళు ఇంగువ వాసన వచ్చేది.)

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆ పలకకి తెలుగు రాదు. తెలుగు ఫైలు ఏది ఎక్కించినా అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు చూపించేది. నేను వదిలేరకం కాదు. పాత వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీల స్కాన్లు తెప్పించుకుని, ఒక్కో పేజీనీ ముక్కలుగా కోసి, అక్షరాలు పెద్దవి చేసి, నలుపు బాగా ముదిరేలా దిద్ది, తెరకి మూడు లైన్ల చొప్పున బొమ్మలుగా ఎక్కించడం నేర్చుకున్నాను. శనివారాలన్నీ దానికే ధారపోశాను. సంధ్యవేళ మసక వెలుతురులో కూడా ఆ మూడు లైన్లు కనపడేవి. ఈ విద్యలో ఐర్లండ్ మొత్తం మీద నన్ను మించినవాడు లేడని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇక ఫ్యాక్టరీ సంగతి. మా లేబొరేటరీలో పసుపు గది అని ఒకటి ఉండేది. కొన్ని మందులకి మామూలు వెలుతురు తగిలితే చాలు, పాడైపోతాయి. అందుకని వాటిని పరీక్ష చేసే గదిలో కిటికీలుండవు, గుడ్డిగా వెలిగే పసుపు దీపాలు తప్ప ఇంకేవీ ఉండవు. తెల్లని వెలుగు చిమ్ముతుంది కనక కంప్యూటరుకి ప్రవేశం లేదు. పీచు రాలుతుంది కనక మామూలు కాగితానికీ లేదు. ప్లాస్టిక్ పూత వేసిన కాగితం తెస్తే ఆ దీపాల కింద తళతళ మెరుస్తుందే గానీ అందులోని చీమ తలల అక్షరాలు కనిపించవు. అందుకని ఒక పద్ధతి ఉండేది. నేను తల నుంచి కాలి దాకా తెల్ల గౌను తొడుక్కుని లోపల పనిచేస్తుంటే, బయట స్పీకరు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని, చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటే చదివి వినిపించేవాడు. ఆయనకి నేను రేడియో తాత అని పేరు పెట్టుకున్నాను. ఆయన గాజు గొట్టంలో మందు కలపమని చెప్పినా గుర్రప్పందెం వ్యాఖ్యానం చెప్పినట్టే ఉండేది. చివరి మెట్టుకి వచ్చేసరికి ఊపిరందేది కాదు ఆయనకి. నాకూ అంతే.

మాంద్యంలో రేడియో తాతని తీసేశారు. కేకు కోశారు, కార్డు మీద అందరం సంతకాలు చేశాం. మా సూపర్‌వైజరు ఆయన భుజం తట్టి "యు విల్ బీ గ్రాండ్" అంది. ఫరవాలేదు అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది, ఆవిడ దేనికైనా గ్రాండ్ అనేది. వాన పడితే గ్రాండ్, మిషను ఆగిపోతే గ్రాండ్. అందుకే మనవాళ్ళం ఆవిణ్ణి గ్రాండ్ మేడమ్ అనుకునేవాళ్ళం. తాత వెళ్ళిపోయాక ప్రతి మెట్టుకీ నేనే బయటికొచ్చి, గౌను విప్పి, చదువుకుని, మళ్ళీ గౌను తొడుక్కుని, చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడి, ఇంతకీ ఏం చదివానా అని ఆలోచించుకుని, మళ్ళీ బయటికి వచ్చేవాణ్ణి. పొద్దున మొదలుపెట్టిన పరీక్ష సాయంత్రానికీ తెమిలేది కాదు.

ఒకరోజు గ్రాండ్ మేడమ్ నన్ను పిలిచి కూర్చోమంది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెబుతున్నాను.

"మందు సొంతదారు కంపెనీవాళ్ళు వస్తున్నారు. ఈ పరీక్షని ఒక్క మనిషి ఇక్కడ సవ్యంగా చెయ్యగలడా లేదా చూస్తారు. చెయ్యలేకపోతే ఆ పని ఇంకో ఊరి ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది."

"అప్పుడు నేను?"

ఆవిడ నా వంక జాలిగా చూసి, "యు విల్ బీ గ్రాండ్" అంది. రేడియో తాతకి చెప్పిందీ అదే మాట.

ఆ సాయంత్రం ప్రెస్ కింద నిలబడ్డాను గానీ పలక మీది ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. సంగతంతా విన్నాక అన్న నన్ను నవ్వించాలని చూశారు. "నీ పలకను గా రూముకు తోల్కపోరాదురా? లైటు వద్దనే జాగా, లైటు లేని పలక. రెండిట్కీ పెండ్లి చేస్తే సరిపాయె!" వదిన నవ్వారు. నేను నవ్వలేదు. పలకని చూశాను. తెర నుంచి వెలుగు రాదు. పీచు రాలదు. మెరవని ప్లాస్టిక్ సంచిలో పెట్టి స్పిరిటుతో తుడవచ్చు. చేతి తొడుగుల మీంచి నొక్కడానికి లావుపాటి బటన్లున్నాయి. చీమ తలల అక్షరాలని గోలీకాయలంత చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు! "అన్నా!" అని నేనరిచిన అరుపుకి వదిన చేతిలో గరిటె కిందపడింది.

మర్నాడు గ్రాండ్ మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి లైటు ఏదీ?"

"లేదు మేడమ్."

"పాడైందా?"

"లేదు మేడమ్. దీని గొప్పతనమే అది."

ఏడాదిగా ఇంట్లో ఎవరూ నమ్మని ఆ మాటని అంత గర్వంగా నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ పైవాళ్ళ అనుమతి తెచ్చింది. పరీక్ష పద్ధతినంతా నేను మూడేసి లైన్ల బొమ్మలుగా కోశాను. నాణ్యత విభాగంవాళ్ళు ఒక్కో అక్షరం అసలుతో సరిచూశారు. ఆ వారమంతా అన్న నన్ను ఆటపట్టించడం మానేశారు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఆ రోజు రానే వచ్చింది. కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషికి కూడా తెల్ల గౌను, ముసుగు తొడిగేసరికి కనుబొమ్మలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కనుబొమ్మలు మాత్రం చాలా పెద్దవి. గ్రాండ్ మేడమ్ తలుపు పక్కన నిలబడింది. నేను సంచిలో పెట్టిన పలకని బల్ల మీద నిలబెట్టి పని మొదలుపెట్టాను. మూడు లైన్లు చదవడం, పని చెయ్యడం, బటన్ నొక్కడం. అలా సగం దాకా నల్లేరు మీద నడకలా సాగింది. మందు నానాల్సిన విరామం వచ్చింది. ఆ ధీమాలో, రెండు పొరల తొడుగులున్న వేలితో ఒక బటన్ బదులు ఇంకోటి నొక్కాను. తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ తెల్లబడి, ముందురోజు సాయంత్రం చదువుతూ వదిలేసిన సీరియల్ పేజీ ప్రత్యక్షమైంది. గుండ్రటి తెలుగు అక్షరాలు, గోలీకాయలంత.

కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. "ఇది పరీక్షలో ఏ భాగం?"

నేను సరైన బటన్ కోసం వెతుక్కుంటుండగా గ్రాండ్ మేడమే చెప్పింది. "అది అతని భాష. ఆ అక్షరాలు చదువుకోవడానికే ఈ పద్ధతి కనిపెట్టాడు."

కనుబొమ్మలు తెర మీదికి వంగాయి. "ఈ వెలుతురులో ఇది నిజంగా కనిపిస్తోందా? లేక పరీక్ష అంతా బట్టీ పట్టి చెబుతున్నావా? ఏదీ, పైకి చదువు."

చదివాను. ఆ గది కట్టాక అందులో వినిపించిన మొదటి తెలుగు అదే అయి ఉంటుంది. మొదటి లైను గొణిగాను గానీ రెండో లైనుకి సర్దుకుని, మూడోదానికి రేడియో తాత కూడా మెచ్చుకునేటంత జోరు వచ్చింది.

"దాని అర్థం?"

"అత్తగారు వంటింట్లోకి వచ్చేసరికి వంకాయ కూర మాడిపోయిందండి. కోడలు కిటికీలోంచి ఎటో చూస్తోంది."

ఆ గదిలో నవ్వకూడదని ఎక్కడా రాసి లేదు గానీ అప్పటిదాకా ఎవరూ నవ్వి ఉండరు. ముందు గ్రాండ్ మేడమ్ ముసుగు కదిలింది. తరవాత కనుబొమ్మలు కూడా పైకి కిందికి ఊగాయి. "బట్టీ కాదు, సరే. నా షరతు మాత్రం ఒక్కటే: ఆ కూరని అందులోంచి తీసెయ్" అన్నాడు. మిగతా పరీక్ష ఒక్కసారి కూడా బయటికి రాకుండా, భోజనాల వేళకి ముందే ముగించాను. పని మా దగ్గరే ఉండిపోయింది. నాకు పొడిగింపు వచ్చింది. ఆ కాగితం ఇస్తూ గ్రాండ్ మేడమ్ గ్రాండ్ అనలేదు. "వెల్ డన్" అంది. అన్న ఆ సాయంత్రం తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి "మావోని పలక" అంటూ మొదలుపెట్టారు. పెండ్లి చేసింది తానేనని కూడా చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను.

నేను గుంటూరులో మా పెద్దత్తయ్యకి ఫోన్ చేశాను. పసుపు దీపాలు, వెలగని తెర, కనుబొమ్మలు, అన్నీ వివరంగా చెప్పాను. అత్తయ్య అన్నీ విని, "ఏంటీ, చీకట్లో చదివి ఉద్యోగం నిలబెట్టుకున్నావా నాయనా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటికల్లా మా వీధంతా అదే కథ: ఆ దేశంలో కరెంటు ఉండదట, పాపం, అయినా పిల్లాడు చీకట్లోనే చదివి నెగ్గుకొచ్చాడట. నెల తిరక్కుండా, ఇక్కడికి దగ్గర్లోని లిమరిక్‌కి వస్తున్న ఒకాయన చేత ఛార్జింగ్ లైటు ఒకటి పంపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ చేసి, కరెంటు ఉందనీ, ఆ చీకటి కావాలని పెట్టిందనీ, అసలు నేను సాధించింది ఏమిటో కాస్త అర్థం చేసుకోమనీ మొత్తుకున్నాను. "అర్థమైందిలేరా. ఆ లైటు పెట్టుకుని చదువు, కళ్ళు పోతాయి" అంది.

డిసెంబరు మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడిపోయిన ఒక ఆదివారం, ఎవరూ చూడకుండా ఆ లైటు వేసుకుని పలక పట్టుకున్నాను. అక్షరాలు ఎంత చక్కగా కనిపించాయో! ఇన్నాళ్ళూ సగం చదివి సగం ఊహించుకున్నానని అప్పుడు గానీ తెలియలేదు. అత్తయ్యకి ఆ సంగతి చెప్పలేదు. ఎలా చెబుతాను? నాలోని అప్పటి కుర్రాడికి పొగరు అలాంటిది. తన గొప్పతనాన్ని శాస్త్రీయంగా, వరస తప్పకుండా, సరిగ్గా అర్థం చేసుకోవాలి జనం. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుంటూ వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అత్తయ్యతో అంతసేపు వాదించాడు గానీ, ఆవిడ చెప్పిన కథలో తప్పేముంది? ఆ ఏడాది చుట్టూ అంతా చీకటే. పిల్లాడు చదివాడు. ఉద్యోగం నిలబడింది.