అల్మారా చుట్టూ అడుగులు

వంటింట్లో మళ్ళీ ఆ చప్పుడైంది. ముందు చెక్కకు ఏదో తగిలి దబ్బుమనడం, వెంటనే ఇత్తడి కడియం గలగలమనడం. కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఈ ఆరేళ్ళుగా పొద్దున్నే మంచం మీద కూర్చుని, చాయ కోసం ఎదురుచూస్తూ ఆ చప్పుడు వింటున్నాను. అది మా బాపు కొన్న అల్మారా తలుపు కడియం. అల్మారా అంటే ఇప్పుడు మిగిలింది కింది సగమే. నేను వస్తూ వస్తూ దాన్ని వెంట తెచ్చుకుని, వంటింట్లోనే ఉండాలని పట్టుబట్టి పెట్టించాను. అది వంటింటి సామాను, మరోచోట నప్పదని నా వాదన. ఆ గలగల వినగానే సుల్తానాబాద్‌లోని మా ఇరుకు వంటిల్లు, గడప ఇవతల నిలబడిన మార్తమ్మ పంతులమ్మ కళ్ళముందుకు వస్తారు. ఈవేళ ఆమె గురించి రాద్దామని కూర్చున్నాను.

బాపు దర్జీ. నిజాం పాలన పోయిన కొత్తలో, కచ్చేరీలో పనిచేసిన ఒక పెద్ద ఉద్యోగి ఊరు విడిచి వెళ్తూ ఇంటి సామాను హర్రాజు వేస్తే, బాపు ఈ టేకు అల్మారాను పాడుకుని వచ్చాడు. పొడుగు మనిషి చెయ్యెత్తినా పై అర అందదు. గిరాకీల గుడ్డలు ఎలుకలు కొట్టకుండా దాచడానికని అందరికీ చెప్పేవాడు గానీ అసలు సంగతి అది కాదు. నిన్నమొన్నటిదాకా ఆ ఇంటిముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన. మా ఇంట్లో ముందుగది కుట్టుమిషనుది, పక్కగది మార్తమ్మకు కిరాయికి ఇచ్చింది, కనుక అల్మారాను వెనక వసారాలో పెట్టాడు. ఆ ఏడు వానలకు వంటపాక కూలిపోతే వసారాకే గోడలు పెట్టించి వంటిల్లు చేశాడు. గోడలు ఆరి, ద్వారబంధం నిలబెట్టాక గానీ అల్మారా అందులోంచి బయటికి రాదని ఎవరికీ తట్టలేదు. విప్పుదామంటే మేకు లేకుండా బిగించిన పాతకాలపు పని. మా ఇంటివాళ్ళ తెలివి అలాంటిది. బాపు మాత్రం "ఎటు పోతదే? ఇంట్లనే ఉన్నదిగ!" అని నవ్వేవాడు.

ఆ నవ్వు ఖరీదు అవ్వ, అంటే మా అమ్మ, కట్టింది. అల్మారాకూ పొయ్యికీ మధ్య మూరెడు సందు మిగిలింది. నీళ్ళ బిందెలు ఆ సందు అవతలి మూలన. అవ్వ బిందె ఎత్తుకుని, వీపు వెనక మంట, ముఖం ముందు అల్మారా పెట్టుకుని పక్కకు పక్కకు జరుగుతూ వచ్చేది. నా తర్వాత పుట్టాల్సిన ఇద్దరు దక్కలేదు. రెండోసారి నీళ్ళబిందెతో కాలు జారి పడిందని వాడకంతా తెలుసు. ఎక్కడ జారిందని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు పదేళ్ళప్పుడు అవ్వకు మళ్ళీ ఆరో నెల. రోజురోజుకూ ఆ సందు ఆమెకు చాలకుండా పోతోంది. ఈ బిడ్డయినా దక్కాలని మొక్కని దేవుడు లేడు గానీ, అల్మారా సంగతి మా ఎవ్వరికీ తోచలేదు.

మార్తమ్మ మిషన్ బడిలో పంతులమ్మ. యాభై దాటిన ఒంటరి మనిషి, బక్కపలచగా, నల్ల గొడుగుతో, ఊరంతా తన తరగతే అన్నట్టు నడిచేది. నాకు చదువు చెప్పింది ఆమే. పాఠమయ్యాక అందరు పంతుళ్ళలా "సమజైందా?" అని అడగదు. చప్పుడు చేయకుండా వెనకనుంచి వచ్చి పలకలోకి తొంగిచూస్తుంది. ఒకసారి ఒళ్ళు మండి, అడగొచ్చు కదా అన్నాను. "అడిగితే అందరు సమజైందనే అంటరు బిడ్డా. నేను గూడ చిన్నప్పుడు గట్లనే అన్న. అందుకే భాగహారం రాకుంటనే గింత పెద్దగైన" అని నా జడ లాగి వెళ్ళిపోయింది.

అప్పటికి రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంటున్నా ఆమె వంటింటి గడప దాటలేదు. ఆ రోజుల్లో క్రైస్తవులు మా వంటిళ్ళలోకి వచ్చేవారు కాదు, మేమూ రమ్మనేవాళ్ళం కాదు. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. కూరగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి గడప ఇవతలే నిలబడేది. అలా నిలబడే, లోపల తిరిగే మాకు కనిపించనిది చూసింది. "గా సందులకెల్లి ఎట్ల పోతున్నవే లచ్చవ్వా?" అని అడిగింది. "అలవాటైంది పంతులమ్మా. నాకేం తక్లీఫ్ లేదు" అంది అవ్వ. బాపును అడిగితే, "మా ఇంటామె ఎన్నడన్న ఒక్కమాట అన్నదా పంతులమ్మా? మీరే పరేషాన్ అయితుండ్రు" అన్నాడు. నిజమే, అవ్వ ఎన్నడూ ఒక్కమాట అనలేదు.

బడి లేని ఒకరోజు పొద్దున మార్తమ్మ జల్లెడ, ముగ్గుపిండి డబ్బా పట్టుకుని వచ్చింది. "లచ్చవ్వా, ఇయ్యాల నన్ను జర లోపటికి రానిస్తవా?" అంది. అవ్వ ఒక్క క్షణం కుట్టుమిషను చప్పుడు వస్తున్న వైపు చూసింది. "రాండ్రి పంతులమ్మా" అంది. మార్తమ్మ బిందెల మూలనుంచి మొదలుపెట్టి, అలికిన నేలంతా పలచగా ముగ్గు జల్లిస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దాటి వచ్చేసింది. లోపల తన అడుగు ఒక్కటి మిగల్లేదు. "ఇంట్ల ముగ్గు చల్లుడేంది? దుమ్మంత కూరల పడ్తది" అని అవ్వ నొచ్చుకుంది. "మూతలు పెట్టుకో. ఎప్పటి లెక్కనే వండు, నన్ను చూడకు" అని మార్తమ్మ బయట పీట వేసుకుని కూర్చుంది. మధ్యలో బాపు ఏదో గుడ్డ కోసం వచ్చి, ముగ్గు తొక్కుకుంటూ అల్మారా దాకా పోయి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. కిందికి చూస్తే ఒట్టు. మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మధ్యాహ్నం బాపు మెడలో టేపుతోనే అన్నానికి వచ్చాడు. "ఆగు తమ్మీ. లోపటికి పోకు. జర కిందికి చూడు" అంది మార్తమ్మ. బాపు చూసి, "ఇదేంది, కోళ్ళు జొచ్చినయా?" అన్నాడు. "కోళ్ళు కాదు, నీ ఇంటామె. ఒక్కపూట వంట." బాపు అడుగులు అల్మారా దాకా తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చాయి. అవ్వవి వంటిల్లంతా ఉన్నాయి. సందు దగ్గర వేళ్ళు అల్మారా వైపు, మడమలు పొయ్యి అంచున, ఒకదానిమీద ఒకటి పడి ముగ్గే మిగల్లేదు. సందు చివర, బిందెలవైపు, ఒక మడమ జర్రుమని జారిన పొడుగాటి గీత ఉంది. "గిదేంది?" అన్నాడు బాపు. "ఏం లే. గక్కడ ఎప్పుడు జారుతనే ఉంటది" అంది అవ్వ కూర కలుపుతూ. బాపు గడప మీద చెయ్యి ఆనించి ముందుకు వంగాడు. "పోయినసారి గూడ గిక్కడ్నేనా?" అని అడిగాడు. అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

బాపు అన్నం తినకుండానే వెళ్ళి వడ్రంగం చేసే వడ్లాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. మెడలో టేపు తీసి అల్మారా కొలిచి, గుడ్డమీద గీసే సుద్దతో నడుమెత్తున అడ్డంగా గీత గీశాడు. గీత వంకరపోలేదు. "గింత మంచి టేకు! నిజంగ కొయ్యాల్నా?" అన్నాడు వడ్లాయన. "గీత మీదనే కొయ్యి" అన్నాడు బాపు. రంపం ఆడుతున్నంతసేపూ మిషను ముందు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. పై సగం గుడ్డలతో ముందుగదికి పోయింది. కింది సగాన్ని మార్తమ్మ చెప్పినట్టు ద్వారం పక్కకు జరిపి, దానిమీద నీళ్ళ బిందెలు పెట్టారు. అవ్వ వంగనక్కర్లేదు, సందులో దూరనక్కర్లేదు. మూడు నెలలకు తమ్ముడు పుట్టాడు, నిక్షేపంగా బతికాడు. పురుడు వెళ్ళాక అవ్వ మార్తమ్మను వంటింట్లోకి పిలిచి, పొయ్యి పక్కన పీట వేసి అన్నం పెట్టింది. అప్పుడు మార్తమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. పొగ అంది.

తర్వాత రెండేళ్ళకు ఆమెను మంచిర్యాల వైపు బడికి మార్చారు. మళ్ళీ చూడలేదు. వెళ్ళి చూసి రావలసింది, వెళ్ళలేదు, ఆ తప్పు నాదే. ఆమెలాగే పంతులమ్మనై, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ పిల్లనూ సమజైందా అని అడగలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి వంటింట్లో మళ్ళీ దబ్బుమంది, కడియం గలగలమంది. వెనకే సన్నగా 'స్స్' అని వినిపించింది. ఎప్పుడూ ఉండేదేమో, నేను గలగల దగ్గరే ఆగిపోయేదాన్నేమో. వెళ్ళి చూస్తే కోడలు మోకాలు రుద్దుకుంటోంది. "తగిలిందా?" అన్నాను. అడగకూడదని ఇంతసేపు రాసి కూడా అడిగాను. "ఏం లేదత్తమ్మా, అలవాటైంది" అంది.

బియ్యప్పిండి డబ్బా తీసి, నడుము పట్టుకుని, జల్లెడ ఆడిస్తూ వెనక్కి నడిచాను. నాకేదో అయిందనుకుని కోడలు నోరు తెరిచి చూసింది. వంటయ్యాక నేల చూశాను. పొయ్యినుంచి కుళాయికి పోయే ప్రతి అడుగూ నా అల్మారా దగ్గరికి వచ్చి పక్కకు తిరిగింది. అక్కడ పిండే మిగల్లేదు. పైన బాపు గురించి అన్ని మాటలు రాసిన నేను ఆరేళ్ళుగా ఆ చప్పుడును మార్తమ్మ జ్ఞాపకమనుకుని మురిసిపోయాను. అది నా కోడలి మోకాలు.

"మీ బాపు గుర్తు గదత్తమ్మా, ఉండనీండ్రి. నాకేం తక్లీఫ్ లేదు" అంటూనే ఉంది కోడలు. నేను వినిపించుకోలేదు. కొడుకును కేకేసి, లోపలికి రాకుండా గడప దగ్గరే ఆగి కిందికి చూడమన్నాను.