గాలి పట్టింది తుపాకికే

ఇంతకాలం ఈ సంగతి నన్ను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నా గురించి చెప్పుకున్నవాళ్లు మాత్రం సూర్యాపేట నుంచి కోదాడ దాకా, అటు మిర్యాలగూడ దాకా ఎందరో ఉన్నారు. పెళ్లిళ్లలోనో దినాలలోనో నేను ఈ మాట ఎత్తితే చాలు, "ఇప్పుడెందుకులే" అని ఎవరో ఒకరు నా ఆకులో ఇంకో బూరె వేస్తారు. బూరెతో నోరు మూయించడం మా బంధువులకు అలవాటు. మా అన్న అయితే చేయి కడుక్కోవడానికి లేచిపోతాడు, భోజనం సగంలో ఉన్నా సరే. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది అది. సూర్యాపేటలో ఒక చిన్న బడిలో పంతులుగా ఉన్నాను. బడి కొన్నాళ్లు నడిచేది, కొన్నాళ్లు మూసి ఉండేది. చివ్వెంల వైపు ఊళ్లలో మిలటరీ జీపులు ఆయుధాల కోసం వెతుకుతూ తిరిగేవి. మాది కోదాడ పక్క అనంతగిరి దగ్గర భూములున్న ఇల్లు. ఊళ్లో ఉండడం మంచిది కాదని మా అన్న భార్యాపిల్లలతో కోదాడ చేరి ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. నన్ను రమ్మని మాత్రం అనలేదు. "నీకు నౌకరి ఉన్నది గద" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తుంది.

భూములున్నవాడి తమ్ముడినని కొందరు నాతో మాట్లాడేవాళ్లు కాదు. దళంలో చేరి అడవిలోకి వెళ్లిన ఇద్దరు నా చిన్ననాటి స్నేహితులని మిగిలినవాళ్లు మాట్లాడేవాళ్లు కాదు. తోటి పంతులు ఒకాయన నేను ఎదురైతే నమస్కారం తప్పించుకోవడానికి గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు, వాన లేకపోయినా. నేను కిరాయికున్న గది ఇంటామె ఒక్కతే రోజూ నన్ను పలకరించేది. అదీ బావి దగ్గర బొక్కెన ఎక్కడ పెట్టావని అడగడానికే.

ఒక్క ఆశ ఉండేది. మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం చేసే ఒకరింట్లో నాకు సంబంధం మాట అయింది. పిల్లను చూడడానికి వెళ్లిన రోజు అందరూ నన్ను ఏవేవో అడిగారు. ఆమె లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బడిల పిల్లలను కొడ్తరా?" అని అడిగింది. లేదన్నాను. నవ్వి వెళ్లిపోయింది. రోజులు కుదుటపడగానే లగ్గం పెట్టుకుందామని పెద్దలు అనుకున్నారు. ఆ లగ్గం అయితే నా గదిలో ఇంకో మనిషి గొంతు వినపడుతుందని నేను ఎదురుచూస్తూ ఉన్నాను.

ఆ ఎదురుచూపులోనే తుపాకి దొరికింది. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక ఉద్యోగి ఇంటి సామాను రోడ్డు పక్కన పోసి అమ్ముతున్నారు. కుర్చీలు, అద్దాలు, హుక్కా, వాటి అడుగున గోనెపట్టాలో చుట్టిన గాలి తుపాకి. అమ్మే మనిషికి అది త్వరగా పోవాలని ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ అలాంటిది చేతిలో పట్టుకోవాలని ఉంది. మా చిన్నతనంలో ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన ఇలాంటి తుపాకే తెస్తే, పొద్దంతా మా అన్నే పట్టుకుని తిరిగాడు. నేను అడిగితే "నీ చెయ్యి ఆగదు" అన్నాడు. నా చేయి ఆగుతుందో లేదో ఎవరు చూశారు?

దాని గొట్టం కింద మడత పిడి ఒకటి ఉంది. ఆ పిడిని లాగి మూస్తుంటే సైకిల్ పంపులో లాగా గాలి లోపలికి పోయి ఒక చిన్న అరలో నిలవాలి. మీట నొక్కితే ఆ గాలే సీసపు గింజను తోస్తుంది. మందు లేదు, మంట లేదు, పిట్టను బెదిరించడం కంటే పెద్ద పని దానితో కాదు. కానీ అది కొన్న రోజుల్లో తుపాకి అన్న మాట వినపడితే చాలు, ఏ తుపాకి అని అడగకుండా మనిషిని జీపెక్కించేవాళ్లు. అందుకని కమ్మరి దగ్గరికి తీసుకుపోలేదు. సైకిల్ షాపులోనూ చెప్పలేదు. తలుపు గడియ వేసుకుని, పాత పంచె నేల మీద పరిచి, ఒక్కడినే కూర్చుని విప్పాను.

తుప్పు పట్టి మరలు కదల్లేదు. కిరసనాయిలు పోసి రెండు రోజులు వదిలేస్తే ఒక్కొక్కటే వదిలాయి. ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి గొట్టం రుద్దాను. నల్లటి నీళ్లు కారి, లోపలి నుంచి ఇనుము రంగు బయటపడుతుంటే భుజాలు నొప్పి పుట్టినా చేతులు ఆగేవి కావు. కర్ర చీలిన చోట ఎవరో తీగ చుట్టారు. తీగ తీసేసి బంక పూసి, బట్ట బిగించి ఆరబెట్టి, అవిసె నూనె పట్టించాను. నీళ్లు తాగినట్టు తాగింది నూనెను. రెండో పూత వేశాక కర్రలో గీతలు కనబడ్డాయి. గీతలున్న కర్ర అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అసలు బాధ గాలితోనే. పంపులో ఉండే తోలు బిళ్ల ఎండి అప్పడంలా విరిగిపోయింది. నా పాత చెప్పు అడుగు తోలు కోసి, ఆముదంలో నానబెట్టి, గొట్టం మూతిలో కర్రముక్కతో అదిమి చిప్పలా వంచాను. మొదటిది వదులైంది. రెండోది బిగుసుకుపోయి పిడే కదల్లేదు. మూడోది సరిపోయింది కానీ పిడి మూయగానే ఎక్కడి నుంచో ఫుస్సుమని గాలి పోయేది. పంక్చరు చూసినట్టు గొట్టాన్ని బొక్కెన నీళ్లలో ముంచి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ని. బుడగలు వచ్చే చోట సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టేవాణ్ని. అది ఆగితే ఇంకో చోట నుంచి పోయేది.

మాట్లాడే మనిషి లేనివాడు చేతిలో ఉన్నదానితో మాట్లాడతాడు. "పట్టు, పట్టవే" అనేవాణ్ని. "పోయింది. మళ్లీ పోయింది" అనేవాణ్ని. పిడి కొట్టీ కొట్టీ రొప్పేవాణ్ని. గోడ అవతల ఇంటామె బియ్యం చెరుగుతూ ఇదంతా వింటోందని నాకు తెలియదు. ఆమెకు వినపడేది రొప్పు, ఫుస్సు, నా మాటలు. తుపాకి కనపడదు కదా.

ఒక మధ్యాహ్నం పిడి మూశాను. ఫుస్సు రాలేదు. చేయి పెట్టి చూశాను. మళ్లీ కొట్టాను, మళ్లీ కొట్టాను, పిడి చేతికి ఎదురు తిరిగింది. లోపల గాలి ఉంది. వరిగింజంత సీసం పెట్టి ఎదురుగా మట్టిగోడలో ఒక మరకకు గురి చూసి మీట నొక్కాను. టప్. మరక మధ్యలో గుంట. నా చేయి వణకలేదు.

ఎవరికైనా చూపించాలని అటూ ఇటూ చూశాను. ఖాళీ గది. ఒక్కడే మనిషి ఉన్న గదిలో సంతోషం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకే గట్టిగా అరిచాను. "గాలి పట్టింది! పట్టింది! ఇక పోయేటట్టు లేదు!"

గోడ అవతల చేట కింద పడ్డ చప్పుడు వినపడింది.

నేను తుపాకిని బొంతలో దాచి తలుపు తీసేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు. ఇంటామె నాకు దూరంగా నిలబడి, చేతులూపుతూ చెబుతోంది. "నేను ముందునుంచి చెప్తనే ఉన్న. బొక్కెన గదిలకు తీస్కవోయి గడియ వెట్టుకుంటడు, తనలో తనే మాట్లాడుతడు. ఇయ్యాల తనే ఒప్పుకుండు, గాలి వట్టిందట! పోదట!"

"అవ్వా, గా గాలి గాదు" అన్నాను.

"మరి ఏ గాలి పంతులూ? చెప్పు, ఏడికెల్లి వచ్చింది?"

ఏం చెప్పాలి? తుపాకి గాలి అని చెప్పాలా? నోరు మూసుకున్నాను. ఆ మౌనం చూసి ఒకామె గుండెలు బాదుకుంది. "సూడు, అడిగితే పలుకుతలేదు. లోపలున్నది పలకనిస్తలేదు."

కోదాడ పోయే బస్సు డ్రైవరుతో మా అన్నకు కబురు పంపారు. మరునాడే వచ్చాడు. వస్తూ చివ్వెంల నుంచి మంత్రం వేసే ముసలాయన్ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. అంటే నన్ను చూడకముందే నమ్మాడు. ఇది కూడా రాసిపెట్టుకోవలసిన సంగతే.

ముసలాయన్ను బయట కూర్చోబెట్టి అన్న ఒక్కడే లోపలికి వచ్చాడు. నేను తలుపు వేసి, బొంత విప్పి చూపించాను.

"గిదేంది ర?"

"గాలి తుపాకి అన్నా. గాలి నిలవకపోతుండె. నిన్న నిలిచింది. గా మాటనే అన్న, గంతే. సూడు, కర్ర ఎట్లున్నదో సూడు."

కర్ర చూడలేదు. గొట్టం తాకలేదు. బొంతను దాని మీద కప్పేశాడు. "మెల్లగ మాట్లాడు. తుపాకి గిపాకి అనకు. మన ఇంటిపేరు వినంగనే జీపు ఆపుతున్నరు. పిల్లలున్నరు నాకు."

"మరి బయట వాళ్లకు ఏం చెప్తవ్?"

అన్న తలుపు తీశాడు. వాకిట్లో అందరూ లేచి నిలబడ్డారు. అన్న గొంతు సవరించుకుని అన్నాడు, "అవునమ్మా. గాలే. తాయెత్తు కట్టియ్యిండ్రి."

ఆ తర్వాత జరిగినవి నేను అన్నీ చెప్పను. వేపమండలతో కొట్టారు. పొగ పెట్టారు. మా అన్న చేయి నా భుజం మీద ఉంది. ఆ చేయి అక్కడ లేకపోతే నేను లేచిపోయేవాణ్ని. ముసలాయన నా జుట్టు పట్టుకుని "ఎవ్వరు నువ్వు? ఎందుకొచ్చినవ్?" అని అడిగితే, నా పేరు, బడి పేరు చెప్పాను. "మొండిది" అన్నాడాయన, ఇంకో మండ అందుకుంటూ. వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నాకు తెలుసు. గొడుగు పంతులు భార్య.

సాయంత్రం బస్సుకు అన్న వెళ్లిపోయాడు, తుపాకిని గడ్డి మోపులో పెట్టి కట్టుకుని. దాన్ని ఎక్కడ పారేశాడో నాకు చెప్పలేదు. అన్ని రోజుల పని చేసి నేను దానితో కొట్టింది ఒక్క దెబ్బ.

మంత్రగాడి కబురు మనిషి కంటే ముందు ప్రయాణం చేసింది. మిర్యాలగూడ నుంచి పిల్ల తండ్రి కోదాడ వెళ్లి మా అన్నను ముఖాముఖి అడిగాడని సంబంధం తెచ్చిన మధ్యవర్తి నాకు చెప్పాడు. "మీ తమ్మునికి గాలి గిట్ల సోకిందట, నిజమేనా?" అని. మా అన్న అవునని అనలేదట, కాదనీ అనలేదట. ఆకువక్కల పళ్లెం ముందుకు జరిపాడట.

నేనే మిర్యాలగూడ వెళ్లాను. పిల్ల తండ్రి మంచివాడే. అరుగు మీద కూర్చోబెట్టాడు, కానీ తను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు గాలి పట్టలేదండీ" అన్నాను.

"అట్లనే అంటరు బిడ్డా, పట్టినోళ్లు."

చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాను, "పట్టింది తుపాకికి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "తుపాకికి గాలి వట్టిందా!" అని లోపలికి చూసి, "ఏమే, పిల్లను పెరట్లకు తోలు" అన్నాడు. ఇంక నేనెంత చెప్పినా అది ముదిరిన లక్షణంలాగే వినపడింది. పంపు అన్నాను, తోలు అన్నాను, ఆముదం అన్నాను. ఆముదం అనగానే తల ఊపి, "మంచిగనే ఉంటది, తలకు పెట్టుకో" అన్నాడు. చివరికి లేచాను. ఆయన గుమ్మం దగ్గర అన్న మాట ఒక్కటే న్యాయమైన మాట: "మీ అన్న వచ్చి కాదని ఒక్క మాట జెప్తె నేను ఇప్పటికిప్పుడు నమ్ముత. ఇంటికి పెద్దోడు గద."

ఆ మాట కోదాడ వెళ్లి అన్నకు చెప్పాను. "సూద్దాం. రోజులు బాగలేవు" అన్నాడు.

ఆమెకు జీపులు వెళ్లిపోయాక వచ్చిన వేసవిలో పాలకీడు వైపు ఇంకొకరితో లగ్గం అయింది. నాకు తర్వాత సంబంధాలు రాలేదు. ఒకటి రెండు వచ్చినా సూర్యాపేట దాటకముందే ఆగిపోయాయి. ఇప్పుడు నా వంట నేనే చేసుకుంటాను, నేను వండింది బాగుందని నేనే అనుకుంటాను.

అన్నా, ఈ కాగితం నీ కోడలో మనవడో నీకు చదివి వినిపిస్తారు. ఆ ఏడాది నువ్వు భయపడ్డావు, ఒప్పుకుంటాను. నీకు పిల్లలున్నారు, తుపాకి పేరెత్తితే ఇల్లు పోయేది. కానీ జీపులు వెళ్లిపోయాయి కదా. నువ్వు అనంతగిరి భూముల్లోకి తిరిగి వచ్చావు కదా. మిర్యాలగూడ బజారుకు వడ్లు తోలుకుని ఎన్నిసార్లు వెళ్లలేదు? వాళ్ల అరుగు ముందు నుంచే నీ బండ్లు వెళ్లాయి. అప్పటికి ఆమె లగ్గం ఇంకా కాలేదు. ఆమె తండ్రి నీ ఒక్క మాట కోసం ఆగాడని నీకు తెలుసు, నేనే చెప్పాను. అప్పుడు ఎవరికి భయపడ్డావు? బండి ఆపి, నా తమ్ముడికి ఏమీ లేదు అని ఎందుకు అనలేదు? చేయి కడుక్కోవడానికి లేవకు. కూర్చో, జవాబు చెప్పు.